మారెక్కకు నేర్పిన ప్రశాంతత

బట్టి మీద కాగిన ఇసుకలో చేటెడు బియ్యం పోసి, మారెక్క ఈతపుల్లల కట్టతో గిరగిర తిప్పింది. బొరుగులు పటపటా పొంగాయి. జల్లెడలోకి ఎత్తబోతే ఎడమ చెయ్యి లేవలేదు. ఆ వైపు రొమ్మును నిరుడు ఆపరేషన్‌లో తీసేశారు. జబ్బు మాత్రం పోకుండా వెన్నులో కాపురం పెట్టింది. జల్లెడను కడుపుకానించి ఒంటిచేత్తో కుదిపింది.

ముంజేతుల మీద వెంట్రుకలు ఏనాడో మాడిపోయాయి. గుత్తిలో ఒగ్గాని తిన్నవాళ్లందరూ ఆమె వేయించిన బొరుగులు తిన్నవాళ్లే. పేరు తెలిసినవాళ్లు తక్కువ.

కొంగు దులుపుకుని లేచింది.

"యాడికి పోతాండావు మారెక్కా, పని ఇడిసిపెట్టి?" అంది పక్క పొయ్యి దగ్గరి షరీఫాబీ.

"నొప్పి తగ్గించేది ఏందో పెట్టినారంట, నెట్ సెంటర్లో. మాత్రలిస్తారేమో."

"కంప్యూటర్లో నుంచి మాత్రలు రాల్తాయా?"

"రాలితే నీకూ ఒకటి తెస్తాలే, నీ నోరు మూసేదానికి."

నెట్ సెంటర్లో స్వచ్ఛంద సంస్థ తరఫున హేమావతి ఎదురొచ్చింది. క్యాన్సర్ రోగుల మనశ్శాంతి కోసం ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పించడం ఆమె ఉద్యోగం. మారెక్క చెవులకు తానే ఇయర్‌ఫోన్లు తగిలించింది. తెర మీద, పచ్చగడ్డిలో తెల్లచీర కట్టుకున్న గురువుగారు నవ్వారు.

"కళ్లు మూసుకోండి. నిండా గాలి పీల్చండి. లోపలే పట్టుకోండి..."

అక్కడితో నెట్ ఆగిపోయింది. గురువుగారు నవ్వుతూనే బిగుసుకుపోయారు. మారెక్క మాత్రం కళ్లు మూసుకుని, చెప్పినట్టే గాలి పట్టుకుని కూర్చుంది. చెప్పినమాట వినడం ఆమెకు అలవాటు. ఆసుపత్రిలోనూ ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేసింది. మొహం కమిలిపోయి, చివరికి దగ్గు తెర తన్నుకొచ్చింది. దగ్గిన ప్రతిసారీ వెన్నులో గునపం దిగినట్టయింది.

"చాల్లేమ్మా. మాత్ర ఇయ్యి, పోతా."

"మాత్రలు మా ప్రోగ్రాంలో లేవమ్మా. నొప్పితో పోట్లాడకూడదు, ప్రశాంతంగా గమనించాలి," అంది హేమావతి చల్లగా.

"రేయింబగళ్లూ దాన్నే గమనిస్తాండా గదమ్మా! నాకేమన్నా ఏరే పనుండాదా? గట్టి మాత్ర ఇయ్యండని పెద్దాసుపత్రిలో అడిగితే, లేవు పో అన్నారు. మీకాడికొస్తే, సూస్తా కూర్చోమంటారు. ఇన్ని పెట్టెలు పెట్టినోళ్లు ఒక్క మాత్ర పెట్టలేరా?"

గదిలో అందరూ తిరిగి చూశారు. హేమావతి ఆమె భుజం నిమిరింది.

"మీలో కోపం ఉందమ్మా. దానికీ వచ్చే వారం పాఠం ఉంది."

మారెక్క బట్టి దగ్గరికి తిరిగొచ్చేసరికి ఎండ గోడెక్కింది. ఏం రాలాయని షరీఫాబీ అడగలేదు. మొహం చూస్తేనే తెలిసింది. మారెక్క మూకుడులో ఉప్పు వేయించి, పాత రవిక గుడ్డలో పోసి, పంటితో ముడి బిగించింది. ఆ మూటను నడుముకూ గోడకూ మధ్య ఇరికించుకుని చతికిలబడింది.

"ఈ బస్తా నువ్వు కట్టవే. రవ్వంతసేపు ఒరుగుతా."

షరీఫాబీ బస్తా మూతి కుట్టి, పక్క కొట్లో టీ తెచ్చింది.

"తాగు మారెక్కా, ఆరిపోతాది."

పలకలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కనురెప్ప మీద ఈగ వాలినా కదల్లేదు. షరీఫాబీ గ్లాసు కింద పెట్టి, ఆమెను రెండు చేతులా తన ఒళ్లోకి లాక్కుంది. వీపు వెనక నుంచి ఉప్పు మూట జారి నేల మీద పడింది. తీయబోతే వేళ్లు చురుక్కుమన్నాయి.