ఫ్యాను కేసులో మధ్యవర్తి

వకీలమ్మకి డిగ్రీ ఇంకా రాలేదు గానీ పేరు మాత్రం ముందే వచ్చేసింది. లా, సైకాలజీ కలిపి చదివే ఐదేళ్ల కోర్సులో చేరిన రోజునే తాతయ్య ఆ పేరు పెట్టాడు. రెండూ కలిపి ఎందుకు చదవాలో ఆయనకి ఒక పట్టాన అర్థం కాలేదు. "అంటే దొంగని పట్టుకుని, ముందు నీ మనసులో బాధేంటి నాయనా అని అడిగి, తర్వాత జైల్లో వేయిస్తావన్నమాట," అన్నాడు. అది కాదని ఆమె అరగంట ఉపన్యాసం ఇచ్చింది. మూడేళ్లు చదివాక చూసుకుంటే ఆయన చెప్పింది దాదాపు అదే.

మూడో ఏడు చివర్లో ఒక పేపరుంది. నిజంగా ఉన్న గొడవని నిజంగా తీర్చి, రెండు పక్షాల సంతకాలతో కాగితం సోమవారం కల్లా ఇవ్వాలి. అసలు కాగితమే కావాలి, నకలు చెల్లదు. ఇవ్వకపోతే వచ్చే ఏడు జూనియర్ల పక్కన కూర్చుని ఆ పేపరు మళ్లీ మొదటినుంచి చదవాలి. "వాస్తవాలు రాయండి, ఏడుపులు వద్దు," అంది లా మేడం. "ఏడుపులే ముఖ్యం, వాస్తవాలు ఎలాగూ ఎవరికీ సరిగ్గా గుర్తుండవు," అన్నాడు సైకాలజీ సారు. ఈ విషయం మీదే వాళ్లిద్దరూ స్టాఫ్ రూములో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని పదేళ్లుగా మాట్లాడుకోవట్లేదు. ఆ గొడవ తీర్చి మార్కులు కొట్టేద్దామని క్లాసులో సగం మంది అప్పటికే వెళ్లి చీవాట్లు తిని వచ్చారు.

వకీలమ్మకి ఆ అవసరం లేకపోయింది. గొడవ ఇంట్లోనే ఉంది. తాతయ్యకీ నాయనమ్మకీ మాటల్లేక అప్పటికి పదకొండు రోజులు.

కారణం ఫ్యాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ ఒకే గదిలో నడుం వాలుస్తారు. తాతయ్య ఫ్యాను ఐదు మీద పెడతాడు. ఆయన కన్ను మూతపడగానే నాయనమ్మ లేచి రెండు మీదికి తిప్పుతుంది. ఆయనకి మెలకువ రాగానే మళ్లీ ఐదు. ఒకరోజు ఇద్దరూ ఒకేసారి లేచారు. ఆయన ఇటు, ఆవిడ అటు తిప్పేసరికి రెగ్యులేటరు గుండీ ఊడి ఆవిడ చేతికొచ్చింది. "ఇప్పుడు తృప్తిగా ఉందా?" అని ఆయన అన్నదే ఆఖరి మాట. గుండీని నాన్న మళ్లీ బిగించాడు. అప్పట్నుంచి నాయనమ్మ, "కంచం పెట్టానని మీ తాతయ్యతో చెప్పవే," అంటుంది, ఆయన ఆ కంచం ముందే కూర్చుని ఉండగా.

మధ్యవర్తిగా ఉంటానంటే ఇద్దరూ ఒప్పుకున్నారు. చిక్కల్లా మధ్యవర్తి షరతుల కాగితం దగ్గర వచ్చింది. తాతయ్య నలభై ఏళ్లు దస్తావేజులు రాసి బతికినవాడు. ఆయన చేతికి కాగితం ఇవ్వడమంటే కోరి తలనొప్పి తెచ్చుకోవడమే.

"ఒక పక్షం చెప్పినది రెండో పక్షానికి మాటలో గానీ రాతలో గానీ తెలియజేయను, అని రాశావు. సైగ సంగతేంటి?" అన్నాడు కళ్లజోడు సవరించుకుని.

"సైగ కూడా చెయ్యను తాతయ్యా."

"అయితే రాయి. సైగలో గానీ, మొహం అదోలా పెట్టి గానీ. నీ మొహంలో ఏదీ దాగదు. మాట తప్పితే మధ్యవర్తిత్వం రద్దు, నేను సంతకం పెట్టను."

ఆమె అలాగే రాసి సంతకం పెట్టింది. తను తవ్విన గోతిలో తనే పడబోతున్నట్టు పాపం ఆమెకి తెలియదు.

శుక్రవారం విడివిడిగా మాట్లాడింది. ముందు తాతయ్యని వరండాలో కూర్చోబెట్టి, సారు నేర్పినట్టు గొంతు మెత్తగా చేసి, "ఫ్యాను ఐదు మీద తిరుగుతుంటే మీకేమనిపిస్తుంది?" అని అడిగింది.

"చలేస్తుంది," అన్నాడాయన.

వకీలమ్మ పెన్ను ఆగిపోయింది. "మరి ఎందుకు పెడుతున్నారు?"

"మీ నాయనమ్మకి ఉక్క. మెడంతా చెమట. అడిగితే చచ్చినా ఒప్పుకోదు. అందుకని నాకే కావాలన్నట్టు పెడతాను. ఆవిడ మాత్రం నా మీద పంతానికి తగ్గిస్తుంది. రాసుకున్నావుగా? బయటికి పొక్కకూడదు."

తర్వాత వంటగదిలోకి వెళ్లి నాయనమ్మని అడిగింది. ఆవిడ కూరగాయల కత్తి పక్కన పెట్టి, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నాకా? ఐదు మీద ఉంటే ప్రాణం లేచొస్తుంది. కానీ ఆయనకి గాలి పడదు, నిద్రలో ఒకటే దగ్గు. చెబితే నేనేమన్నా ముసలాడినా అంటారు. అందుకే రెండు చేస్తాను. ఆయన పంతానికి మళ్లీ పెంచుతారు. చెప్పకే."

రెండు ముక్కలు చెబితే తీరిపోయే గొడవ. ఆ రెండు ముక్కలూ ఆమె నోట్లోనే ఉన్నాయి. కక్కలేదు, మింగలేదు. రాత్రి భోజనాల దగ్గర తాతయ్య దగ్గితే నాయనమ్మ వంక చూసింది, నాయనమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటే తాతయ్య వంక చూసింది. "మొహం," అన్నాడు తాతయ్య. ఆమె గబుక్కున తల కంచంలోకి దించేసింది. తమ పుస్తకాల్లో ఎక్కడో దీనికి దారి ఉండే ఉంటుందని శనివారమంతా వెతికింది. లా పుస్తకాలు నోరు విప్పొద్దన్నాయి. సైకాలజీ పుస్తకాలు లోపల దాచుకుంటే ఆరోగ్యం చెడుతుందన్నాయి.

ఆదివారం ఆఖరి ప్రయత్నంగా ఇద్దర్నీ ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి, తర్వాత కుర్చీలు మారమంది. "ఇప్పుడు తాతయ్య నాయనమ్మలా మాట్లాడాలి. నాయనమ్మ తాతయ్యలా. మీ మనసులో ఉన్నది కాదు, అవతలివాళ్ల మనసులో ఏముందనుకుంటున్నారో అది."

"ఫీజు కట్టి మరీ ఇవి నేర్పుతున్నారా?" అన్నాడు తాతయ్య. అన్నాడే గానీ, లేచి భార్య కుర్చీలో కూర్చున్నాడు. లేని కొంగు భుజం మీదికి లాక్కుని, గొంతు సన్నం చేశాడు. "నాకు మెడంతా చెమట కారిపోతున్నా సరే, ఈయన మాట నెగ్గనివ్వను. కళ్లు మూశాడో లేదో రెండు మీద పెట్టేస్తాను."

వకీలమ్మ నవ్వాపుకోవడానికి పెన్ను కొరికింది. నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

"నాకు చెమట పడుతుందని మీకెవరు చెప్పారు?"

ఆవిడ ఆయన్ని నేరుగా అడిగింది. పన్నెండో రోజు, పదమూడో రోజు అన్న లెక్క ఎవరికీ గుర్తు రాలేదు.

"ఎవరో చెప్పాలా? పక్కన పడుకునేవాణ్ణి, నాకు తెలీదా? మరి ఐదు ఎవరికోసం పెట్టాననుకున్నావు?"

"మీకు దగ్గని నేను రెండు పెడుతుంటే?"

తాతయ్య లేని కొంగుని వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. వకీలమ్మకి ఆనందం ఆగక, ఆ ఆనందంలోనే కాలేజీకి ఇవ్వాల్సిన రాజీ కాగితం తీసి ముందు పెట్టింది. అదే ఆమె చేసిన తప్పు. ముందు ఒకసారి తాతయ్య కళ్లతో చదువుకోవాల్సింది.

తాతయ్య చదివాడు. "వివాదంలో ఉన్న పక్షాలు, అని ఉంది. మాకు వివాదం ఎక్కడుంది? ఇద్దరం ఒకటే కోరుకున్నాం. లేని వివాదం ఉన్నట్టు సంతకం పెడితే అది తప్పుడు దస్తావేజు. నా జన్మలో పెట్టలేదు."

"తాతయ్యా, రేపు సోమవారం. పేపరు పోతుంది."

"పోనీ, రెండు నిమిషాలు పోట్లాడుకుందామా?" అంది నాయనమ్మ. కానీ ఆయన వంక చూస్తే ఆవిడకి నవ్వొచ్చింది.

మనవరాలి కళ్లల్లో నీళ్లు చూసి తాతయ్య మెత్తబడ్డాడు. కొత్త కాగితం తెమ్మన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే సంతకమన్నాడు. ఎవరినీ రాయనివ్వకుండా, ఆ గుండ్రటి దస్తావేజు అక్షరాలతో తనే రాశాడు. 'నా భార్యకి ఉక్కగా ఉంటుందని నాకు తెలుసు. ఆవిడ హాయిగా నిద్రపోతే చూడాలని నా కోరిక. నాకు చలేస్తున్నా, ఆవిడ కోసమేనని చెప్పకుండా ఐదు మీద పెట్టాను. చెప్పకపోవడం నా పొరపాటు. ఇది నా ఇష్టపూర్తిగా రాసిన మాట.' కింద సంతకం పెట్టి కాగితం భార్య చేతికిచ్చాడు.

నాయనమ్మ సంతకం పెట్టింది. పెట్టి, మొదటినుంచి ఇంకోసారి చదువుకుంది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి లేచి వెళ్లి, తన బీరువాలో చీరల అడుగున దాచి, తాళం వేసింది.

"నాయనమ్మా, అది కాలేజీకి ఇవ్వాలి," అంది వకీలమ్మ.

"ఊరందరి ఆస్తులకీ రాసిన మనిషి, ఇన్నేళ్లలో నాకంటూ ఒక్క ముక్క రాయలేదే. నేనివ్వను. నువ్వు పేపరు మళ్లీ రాసుకో."

తాతయ్య వంక చూస్తే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఇంకోటి రాసిమ్మని వకీలమ్మ అడగలేదు. అడగాలనీ అనిపించలేదు.

సోమవారం లా మేడం చెయ్యి చాపింది. పక్కనే సైకాలజీ సారు కూర్చుని ఉన్నాడు. "గొడవ తీరిందా?"

"తీరిందండీ."

"కాగితమేది?"

"రెండో పక్షం ఇవ్వనంటోందండీ. చీరల కింద పెట్టి తాళం వేసుకుంది."

లా మేడం సున్నా వేసింది. సైకాలజీ సారు ఆ సున్నా వంక చాలాసేపు చూసి, పదేళ్లలో మొదటిసారి బల్ల అవతలికి మాట్లాడాడు. "మేడం, ఆ కాగితంలో ఏం రాసుందో మీకు తెలుసుకోవాలని లేదా?"

"ఉంది," అంది మేడం. సున్నా మాత్రం కొట్టెయ్యలేదు.