బాపు తిట్లు

లక్ష్మయ్య నోరు మంచిది కాదని బహదూర్‌పురాలో పాలు తాగే ప్రతివాళ్లకూ తెలుసు. ఆయన బర్రెపాలు మాత్రం మంచివి. అందుకని జనం పాలు పోయించుకుని, తిట్లు కొసరుగా పట్టుకెళ్లేవాళ్లు. ఆ కొసరుతోనే కూతురు సోనీ పేరు తెచ్చుకుంది. 'బాపు తిట్లు' అని ఫోన్లో వీడియోలు పెడుతుంటే చూసేవాళ్లు లక్షల్లో తయారయ్యారు. తిట్టే ఆయనకు మాత్రం ఆ సంగతి తెలియదు.

ఫోను పెరుగు గిన్నెల పైన అరలో నిలబెట్టి ఉండేది. "పైసలు పడ్డయో లేదో సూస్కోవాలె కద బాపూ" అంటే ఆయన నమ్మాడు. బటన్ల ఫోను మనిషి, ఇంకేం అడుగుతాడు!

ఆ రోజు పొద్దున సోనీ చెయ్యి పాలు పోస్తోంది గానీ చూపంతా గల్లీ చివర ఉంది. మల్లన్న రాలేదు. నిన్నా రాలేదు, మొన్నా రాలేదు. నయాపూల్ దగ్గర తాళంచెవులు చేసే మల్లన్న, బాపుతో కలిసి నిక్కర్లేసుకుని తిరిగిన మల్లన్న, వానొచ్చినా బంద్ అయినా క్యాను పట్టుకుని వచ్చే మనిషి.

"గీ మల్లిగానికి ఏమైందే? సచ్చిండా? సస్తె నాకు చెప్పకుంట సస్తడా?" అన్నాడు లక్ష్మయ్య, మల్లన్న పాలు విడిగా తీసి మూత పెడుతూ. ఆయనకు దిగులేస్తే మాట అలాగే వస్తుంది.

"ఊరికి పోయిండేమో" అంది సోనీ. ఆయన ఎందుకు రావడం లేదో ఆమెకు తెలుసు.

పోయిన వారం మల్లన్న పాలకు వచ్చి, దుకాణంలో ఇంకెవరూ లేరని అటూ ఇటూ చూసుకుని ఏడ్చాడు. కూతురు స్వీటీ అత్తగారింట్లో దెబ్బలు తిని తిరిగొచ్చేసింది. నాలుగు రోజులు ఉండి పోవడానికి వచ్చిందని ఇంట్లోవాళ్లు గల్లీలో అబద్ధం చెబుతున్నారు. ఆ మాట వింటూనే లక్ష్మయ్య ఎగిరాడు.

"మల్లిగా! బిడ్డ ఇంటికొస్తె తలకాయ దించుకుంటవేందిరా, గాడ్ది కొడకా? దొంగతనం చేసొచ్చిందా? ఆళ్లు కొట్టి సంపితె అప్పుడు ఎత్తుకుందువా తల? నా బిడ్డయితె బాజాలు పెట్టి తెచ్చుకుందు. ఏడుపు బంజేసి గీ పాలు దానికి తాపు, ఫో!"

అరలో ఫోను అంతా విన్నది.

తర్వాత ఆ వీడియో చూసుకుని సోనీ కూడా ఏడ్చింది. బాపు ఇంత మంచి తిట్టు ఎన్నడూ తిట్టలేదు. మల్లన్న మొహం కనపడకుండా మసక చేసింది. 'మల్లిగా' అన్న పిలుపు కూడా తీసేసి చూసింది. తీసేస్తే తిట్టు చప్పబడిపోయింది. మల్లన్నలు ఊరంతా ఉన్నారులే అని ఆ పిలుపు మళ్లీ ఉంచి వీడియో పెట్టేసింది. ఊరంతా ఉన్నారు నిజమే, కానీ లక్ష్మయ్య చేత రోజూ తిట్లు తినే మల్లన్న ఒక్కడే కదా! ఆ వీడియో స్వీటీ అత్తగారి ఊరిదాకా పోయింది. చిన్నప్పుడు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్న స్వీటీ ఇప్పుడు సోనీ ఫోను ఎత్తడం లేదు.

తీసేద్దామంటే చెయ్యి రాలేదు. నెయ్యి కంపెనీ మనిషి నిఖిలేష్ ఆ వీడియో చూసే ఫోన్ చేశాడు. శనివారం వస్తానని, తమ నెయ్యికి బాపు తిట్లతోనే ప్రచారం చేయిస్తామని చెప్పాడు. శనివారం దాకా గడిస్తే చాలు, ఆ మాటా ఈ మాటా చెప్పి బాపును ఒప్పించి, వీడియో తీసేసి, స్వీటీ కాళ్లు పట్టుకోవచ్చని సోనీ లెక్క.

అంతలో బండి మీద ఇద్దరు పిల్లగాళ్లు వచ్చి ఆగారు. "బాపూ, ఒక్క తిట్టు తిట్టవా? మస్తు దూరం నుంచొచ్చినం."

లక్ష్మయ్య నోరు తెరిచి చూశాడు. "పొద్దుగాల్నే తాగొచ్చిన్రారా?"

వాళ్లు పగలబడి నవ్వి, బాపు పక్కన నిలబడి ఫోటో దిగబోయారు. సోనీ వాళ్లను బయటికి తోలి వచ్చింది. ఎదురుగా గాజుల దుకాణం విమలాదేవి అంతా చూసింది.

"కొంగుల నిప్పు ముడేస్కొని తిరుగుతున్నవ్ బిడ్డా" అంది మెల్లగా.

వెనక్కి తిరిగేసరికి లక్ష్మయ్య మల్లన్న పాల క్యాను పట్టుకుని బండి తీస్తున్నాడు.

"నేనే పోయొస్త. గాడికి జరమేమో."

"ఇప్పుడొద్దు బాపూ! గిరాకీ టైం."

"గిరాకీ యాడికి పోతది? మనిషి పోతె వస్తడా?"

బండి మలుపు తిరిగింది. సోనీ అరలోంచి ఫోను లాగి ఆ వీడియో తీసేసింది. ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. అంతలోనే ఇంకెవడో దాన్ని తన పేరున పెట్టుకున్నది కనపడింది. ఇంకొకడు కింద ఏడుపు సంగీతం కలిపాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు అన్నది ఊరికే కాదు. గిరాకీలు పిలుస్తున్నా పలకకుండా గల్లీ మలుపు కేసే చూస్తూ నిలబడింది.

లక్ష్మయ్య వచ్చాడు. క్యాను నిండుగా అలాగే ఉంది. ఆయన దాన్ని గట్టు మీద పెట్టి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మల్లిగాడు బయటికి రాలే. స్వీటీ తలుపు తీసి, ఫోన్ల సూపెట్టింది. నన్నే నాకు."

"బాపూ..."

"గా మాట నేను మల్లిగానికి చెప్పిన బిడ్డా. ఊరికి చెప్పలే."

తిడతాడని, చెయ్యి కూడా చేసుకుంటాడని సోనీ కళ్లు మూసుకుంది. ఏమీ జరగలేదు. కళ్లు తెరిస్తే ఆయన పెరుగు గిన్నెల పైన అర వైపు చూస్తున్నాడు.

"గీడనేనా పెట్టేది?" అని అడిగి, ఆమె తలూపాక, పాలు కొలవడానికి కూర్చున్నాడు. వచ్చిన గిరాకీతో "ఎంత పొయ్యమంటరు?" అన్నాడు. ఆ మనిషి భయపడి, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

శనివారం నిఖిలేష్ వచ్చాడు. లక్ష్మయ్య ఆయనకు కుర్చీ వేసి "కూసోండి సార్, ఎన్ని లీటర్లు గావాలె?" అన్నాడు. నిఖిలేష్ తిట్టు కోసం చాలాసేపు కాచుకుని కూర్చుని, గ్లాసెడు పాలు తాగి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే సోనీ 'బాపు తిట్లు' మొత్తం తీసేసింది. ఫోను ఇంట్లో పెట్టెలో పెట్టింది. స్వీటీ ఇంటికి వెళ్లి తలుపు కొడితే, లోపల మాటలు ఆగిపోయాయి గానీ తలుపు తెరుచుకోలేదు. మల్లన్న పాలు మాత్రం లక్ష్మయ్య రోజూ తీసి మూత పెడుతూనే ఉన్నాడు.

ఇంట్లో ఒక్క తిట్టు లేకుండా మంచిగానే ఉంటున్నాడు. ఆ మంచితనమే సోనీకి భరించరానిదైంది. ఒకరోజు పొద్దున, అప్పుడే పిండిన పాలగిన్నె దుకాణంలోకి తెస్తూ, కావాలనే చెయ్యి జార్చింది. పాలింట పుట్టిన పిల్ల చేయకూడని పని. పాలన్నీ బండల మీద పరుచుకుని ఆయన కాళ్లదాకా పారాయి.

లక్ష్మయ్య మొహం ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి.

"ఏయ్ పోరీ! కండ్లు..."

తిట్టు బాపూ, తిట్టు, అని సోనీ లోపల మొక్కుకుంది.

ఆయన చూపు అర మీదికి పోయింది. అక్కడ పెరుగు గిన్నెలు తప్ప ఏమీ లేవు. అయినా నోరు మూసుకున్నాడు. మూల నుంచి పాతగుడ్డ తెచ్చి, వంగి పాలు తుడవడం మొదలుపెట్టాడు.

"పోనీ తియ్ తల్లీ" అన్నాడు. "కాలు జారుతది, జర పక్కకు నిలవడు."