ఏడో మంచం మాట

ముసలమ్మ పోయి తొమ్మిది రోజులైంది. ఆస్పత్రి ఊడ్చే పెద్దక్క ఆ వార్డులో గుడ్డ తడిపి నేల మీద వేయగానే ఏడో మంచం దగ్గర అదే గొంతు వినబడుతోంది: "కిటికీ మూయవే తల్లీ, చలేస్తోంది."

ముసలమ్మ పక్షవాతంతో వచ్చిన మనిషి. మూతి వంకరపోయినా మాట మిగిలింది. కాకపోతే అది రాళ్ళ క్వారీ వాడల భాష, డాక్టర్లకు తెలియదు. కేసు కాగితంలో "అర్థంలేని శబ్దాలు" అని రాశారు. మూడు రోజులు అలాగే అరిచింది. పెద్దక్కదీ ఆ వాడే. విన్నది, కిటికీ వైపు అడుగు కూడా వేసింది. "రోగులతో నీకేం పని? చీపురు పట్టేదానివి, డాక్టరమ్మవా?" అని ఊడ్చేవాళ్ళ మేస్త్రీ కసిరాడు. ఆమె తల వంచుకుని బకెట్టుతో వెళ్ళిపోయింది. నెమ్ము చేరి ముసలమ్మ పోయింది.

అదే మేస్త్రీ అవసరం పడితే, "వీడేదో వాగుతున్నాడు, ఏంటో చెప్పు!" అని ఊడ్చేవాళ్ళను రోగి దగ్గరికి లాక్కెళ్ళేవాడు. చెప్పాక, "నేల ఇంకా ఎండలేదేం?" అని తిట్టేవాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఏళ్ళ తరబడి ఇదే తంతు.

ఇప్పుడు ఏడో మంచంలో రాళ్ళు కొట్టే మనిషి ఉన్నాడు. అదే జబ్బు, అదే మాట. ఆఫీసు భాషలో బొమ్మలు చూపించి "ఇదేమిటి?" అన్నారు. ప్రశ్నే తెలియనివాడు జవాబేం చెబుతాడు? సోమవారం "మాట తిరిగి రాదు" అని సంతకం పడితే వైద్యం ఆపేసి, నయంకాని రోగుల ఆశ్రమంలో పడేస్తారు.

బట్టలు మార్చుకునే గదిలో ఊడ్చేవాళ్ళు పన్నెండుమందీ కూడారు.

"ఇంక వాళ్ళకి ఏదీ విడమర్చి చెప్పొద్దు. నోరు కుట్టేసుకుందాం, తిక్క కుదురుతుంది" అంది పిట్ట. అందరిలోకీ చిన్నది, నోరు మాత్రం పెద్దది.

"కుదిరేలోపు చచ్చేదెవరే? మనవాళ్ళే కదా!" అంది నడుం వంగిన పిన్ని.

మాటల వైద్యం చేసే డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "మీ భాష మనిషికో ఉద్యోగం ఇవ్వండి, మీ మాటల్లో పరీక్షలు పెట్టించండి అని రెండేళ్ళుగా పైవాళ్ళకి రాస్తున్నానమ్మా. నిధుల్లేవంటారు. ఎలాగోలా జరిగిపోతోందిగా అంటారు."

"ఎలాగోలా అంటే ఎవరు? మేమే!" పెద్దక్క లేచింది. "ముసలమ్మ మాట నాకు తెలుసర్రా. తెలిసీ భయపడ్డాను. నేనే చంపానర్రా ఆమెను! ఇంక నావల్ల కాదు. నోరు కాదు, చీపురు ఆపుదాం. మంచాల పక్కన కూర్చుందాం. మనం ఉత్తినే చేసే పనేంటో కళ్ళారా చూడనీ."

సోమవారం వార్డు ఊడవలేదు. పన్నెండు మంచాల పక్కన పన్నెండుమంది పీటలేసుకుని కూర్చున్నారు. పెద్దక్క ఏడో మంచం దగ్గర కూర్చుని ఇంటి సంగతులు అడుగుతుంటే, రాళ్ళు కొట్టే మనిషి ముక్కలు ముక్కలుగా జవాబిస్తున్నాడు.

సూపరింటెండెంటు కాగితం పట్టుకుని వచ్చాడు. "లేవండి! ఉద్యోగాలు పోతాయి."

"మా భాష మనిషికి ఉద్యోగం మంజూరు చేయండి, లేస్తాం."

"డబ్బు లేదన్నానా?"

"మరి మాట రాదని రాయడానికి సిరా ఎక్కడిదయ్యా?" అంది పెద్దక్క.

పోలీసులొచ్చారు. ఇద్దరు ఆమె రెక్కలు పట్టి ఈడ్చారు. పీట బోర్లాపడింది. అప్పుడు మంచం మీంచి రాళ్ళు కొట్టే మనిషి, మెడ నరాలు ఉబ్బేలా, ఏదో అరిచాడు.

"చూశారా, ఉట్టి శబ్దాలు" అన్నాడు సూపరింటెండెంటు.

"శబ్దం కాదు!" పిట్ట అడ్డం వచ్చింది. "'మా అక్కనెక్కడికి తీసుకుపోతున్నారు?' అంటున్నాడు. రాసుకోండి."

డాక్టరమ్మ ముందుకొచ్చి సూపరింటెండెంటు చేతిలోంచి కాగితం లాక్కుంది. "మాట తిరిగి రాదు" అని ఉన్నది కొట్టేసి, ఆ ప్రశ్న రాసి, కింద సంతకం పెట్టింది.

పిట్టను కూడా లాక్కెళ్ళారు. పిన్ని నడుం పట్టుకుంటూ వచ్చి, పీట సరిచేసి కూర్చుంది. ఎనిమిదో మంచం అదే ప్రశ్న అడిగింది. ఆ పక్కది అడిగింది. వంకర మూతులతో, తెగిన మాటలతో వార్డంతా అడిగింది. పోలీసు వ్యాను దాకా వినబడింది.

జవాబు రాలేదు. మళ్ళీ అడిగారు.