దణ్ణం పెట్టిన చిలకపిల్ల

నేను ఒక పంజరాన్ని. ఇప్పుడు తుప్పు పట్టి ఇలా ఉన్నాను గానీ, పుట్టుక మాత్రం గొప్పది. నిడదవోలు రైలుగేటు దగ్గర గొడుగులు బాగుచేసే మస్తాను, పనికిరాని గొడుగుల ఊసలన్నీ ఏరి నన్ను అల్లాడు. అందులో ఒక ఊస ఏ గొడుగుదనుకున్నారు? గాలివానలో కొవ్వూరు కరణంగారిని ఎత్తుకెళ్లి, చెప్పులకి తడి అంటకుండా రాజమండ్రి రేవులో దింపిన గొడుగుది. నమ్మకపోతే మానెయ్యండి. ఇక మీదట చెప్పేది మాత్రం నమ్మాలి. అందులో నేనేమీ కలపలేదు. కలపడానికి మనసు రాలేదు.

నా మొదటి యజమాని బస్టాండులో కిళ్లీకొట్టు వీర్రాజు. వాడి చిలక "రైట్, రైట్" అందంటే, డ్రైవరు టీ తాగుతుండగానే బస్సు బయల్దేరి తణుకులో ఆగేది. సరే, ఇది కూడా నమ్మక్కర్లేదు. కొట్టుకొచ్చిన ప్రతివాడి ముందూ వీర్రాజు ఆ చిలకకి ఓ పచ్చిమిరపకాయ అందించేవాడు. అది కాలితో పట్టుకుని, తల వాల్చి, గింజ గింజా ఒలుచుకు తినేది. "అదండీ సంగతి. కారం పడితేనే దానికి నాలుక తిరుగుద్ది" అనేవాడు. ఊరంతా నమ్మింది. చెప్పి చెప్పి వీర్రాజు కూడా నమ్మేశాడు.

వాడు నిద్ర లేవకముందు వాళ్లమ్మ అచ్చియ్యమ్మ ఏం చేసేదో నాకొక్కదానికే తెలుసు. ఈకలు రాని పిల్లగా వచ్చిన దాన్ని ఒళ్లో గుడ్డలో చుట్టుకుని, రాత్రి నానేసిన శెనగలు మెత్తగా నూరి, గోరువెచ్చగా, చెంచాతో కొంచెం కొంచెం పెట్టేది. గొంతు కింద మేతసంచి ఉబ్బితే ఆపేది. అది కరిగాక మళ్లీ పెట్టేది. పెద్దదయ్యాక జామముక్క, జొన్నకంకి, కాస్త ఆకుకూర. ఆ ముసలమ్మ పోయింది. తరవాత చిలకా పోయింది. మిరపకాయ మాత్రం ఊళ్లో మిగిలింది.

అప్పుడు నన్ను కొనుక్కుపోయాడు టైలరు గవరయ్య.

గవరయ్య మంచివాడు. ముందే చెబుతున్నాను, తరవాత మీరు ఆయన్ని తిట్టుకుంటారని. ఆయన పెళ్లాం వరహాలుకి ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. అంతకు ముందు ఆవిడ వంటింట్లోంచి "ఏవయ్యా, అన్నం చల్లారిపోతంది" అని పిలిస్తే వీధి చివరి ఇంటాయన కూడా పీట వాల్చుకునేవాడట. ఆ పిలుపు లేక గవరయ్యకి ముద్ద దిగడం లేదు. చిలకకి ఆ మాట నేర్పుతానన్నాడు. సంతలో చాటుగా తువ్వాలు కింద పెట్టి అమ్మేవాడి దగ్గర, సగం ఈకలు కూడా రాని పిల్లని తెచ్చి నాలో పెట్టాడు. నన్ను వరహాలు మంచం పక్కన కిటికీకి తగిలించాడు.

పొద్దున్నే పాలన్నం, అందులో తుంచిన మిరపకాయ. ఆ పాలు పిల్లకి అరగవు. ఆ మిరపకాయ దాని నోటికి పెద్దది. అది తల పైకీ కిందకీ ఊపి, రెక్కలు వణికించి, సన్నగా కీచుమనేది. అది చిలకపిల్ల ఆకలి. అలా తల ఊపితే తల్లి నోట్లో నోరు పెట్టి తినిపిస్తుంది.

"చూశావా వరహాలూ, దణ్ణం పెడతంది" అన్నాడు గవరయ్య.

జాకెట్లు కుట్టించుకోడానికొచ్చిన ఆడవాళ్లంతా వచ్చి చూశారు. "అమ్మో, ఎంత సంస్కారమో. మా పిల్లలున్నారు, ఎందుకూ" అని తిరిగి దణ్ణం పెట్టారు. అది ఇంకా ఊపింది. వాళ్లు ఇంకా మురిశారు. ఒకావిడ వేలు పెడితే, తినేదో కాదో చూద్దామని పిల్ల దాన్ని ముక్కుతో పట్టుకుంది. ముక్కు మీద ఒక దెబ్బ పడింది.

ఆ ఇంట్లో దాని భాష తెలిసింది వరహాలుకే. తెలియకేం, ఆవిడకి కూడా చెంచాతోనే పెడుతున్నారుగా. ఒక మధ్యాహ్నం గవరయ్య వసారాలో మిషను కుడుతుంటే, తన పెసరజావ ఎడమచేతి వేలితో తీసి, వణుక్కుంటూ నా ఊసల మధ్య పెట్టింది. పిల్ల ఎగబడింది. పదిసార్లు, ఇరవైసార్లు అలా పెట్టింది. మేతసంచి నిండింది. అరుపు ఆగింది. మెడ వెనక్కి తిప్పి, ఒంటికాలి మీద హాయిగా నిద్రపోయింది. నా జన్మలో అంత తేలికైన గంట లేదు.

సాయంత్రం గవరయ్య వచ్చాడు. "ఇదేంటి, దణ్ణం పెట్టట్లేదు? ఏం పెట్టావే దీనికి?" అని వేలు చూసి, జావ చూసి కంగారుపడ్డాడు. "రోగిష్టి కూడు పెడతావా? ఇది పలకాలా వద్దా?" అన్నాడు. ఎదురుగోడకి మేకు కొట్టి, ఆవిడ చేతికి అందకుండా నన్ను అక్కడ తగిలించాడు.

ఆవిడ తన గొంతు చూపించింది, నా వైపు చూపించింది. గవరయ్య పరుగున వెళ్లి మంచినీళ్లు తెచ్చి తాగించాడు. మళ్లీ చూపించింది. మళ్లీ తాగించాడు. ఆ వారంలో ఆవిడ తాగిన నీళ్లకి గోదావరి ఒక మెట్టు తగ్గి ఉంటుంది. నవ్వండి, పర్లేదు. నేనూ మొదట నవ్వుకున్నాను.

వీర్రాజుని పిలిపించారు. వాడు పెద్ద డాక్టరులా చేతులు వెనక్కి పెట్టుకుని చూశాడు.

"కాయలు ఎన్నేస్తన్నావు?"

"రోజుకి నాలుగు."

"చాలవు బావా. ఆరు చెయ్యి."

మర్నాటికి పిల్ల ఈకలు ఉబ్బించుకుని ముద్దగా కూర్చుంది. చలికీ జబ్బుకీ పక్షులు అలా ఉబ్బుతాయి. "ఒళ్లు చేసింది" అన్నాడు గవరయ్య సంతోషంగా. దాని ముందు కూర్చుని "ఏవయ్యా, అన్నం చల్లారిపోతంది, అను. అనమ్మా" అని గంటసేపు బతిమాలాడు. అది కళ్లు మూసింది. "శ్రద్ధగా వింటంది" అని మిషను దగ్గరికి వెళ్లాడు.

కాసేపటికి దాని వేళ్ల పట్టు నాలో సడలింది. కిందపడింది. నా అడుగురేకు మీద చిన్న చప్పుడు, అంతే.

వరహాలు చూసింది. మంచం పట్టె మీద ఎడమచేత్తో లేవబోయింది. లేవలేక నోరు తెరిచింది. ఏడాదిగా మూగబోయిన ఆ గొంతులోంచి, పగిలిన కుండలో గాలిలా, ఒక్క ముక్క వచ్చింది.

"ఏ... వయ్యా."

వసారాలో మిషను ఆగింది. గవరయ్య మెడలో టేపుతో పరుగెత్తుకొచ్చాడు. మంచం దాటాడు. నా దగ్గరికే వచ్చాడు. తలుపు తీసి పిల్లని చేతిలోకి తీసుకున్నాడు. వెచ్చదనం ఇంకా పోలేదు.

"పలికింది వరహాలూ. విన్నావా? పలికి పోయింది" అని కూలబడి ఏడ్చాడు.

ఆవిడ ఆయన వీపునే చూస్తూ ఉంది. ఎన్నిసార్లు నోరు తెరిచినా రెండో ముక్క రాలేదు. ఆ తరవాత ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు పాత ఇనుము కొట్లో, రెక్కల్లేని ఫ్యానుకీ పిడి ఊడిన కుక్కరుకీ మధ్య ఉన్నాను. ఎవరైనా అడిగితే కొట్టువాడు "మాటొచ్చిన చిలకదండీ ఈ పంజరం. మిరపకాయలు పెట్టాలంతే" అని చెబుతున్నాడు. నాకు డెబ్బై రెండు ఊసలున్నాయి, ఒక్క నాలుక లేదు.

గవరయ్య నన్ను ఇక్కడికి తెచ్చిన పొద్దున గుమ్మం దాటబోతుంటే, వరహాలు మంచం పట్టె తట్టింది. ఆయన ఆగాడు. ఆవిడ ఖాళీగా ఉన్న నన్ను చూపించి, కాదన్నట్టు చెయ్యి ఊపింది. తరవాత ఆ వేలు మెల్లగా తెచ్చి తన గొంతు మీద ఆనించింది. అక్కడే ఉంచింది. చాలాసేపు ఉంచింది.

గవరయ్య నన్ను కిందపెట్టి లోపలికెళ్లాడు. గ్లాసు నిండా మంచినీళ్లు తెచ్చాడు.

ఆవిడ తాగింది.