సరదా డబ్బా

సూది కన్ను ఒక దిక్కున, దారం కొస ఒక దిక్కున. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, సూదిని వెలుతురుకెత్తి, దారం కొసను పెదాల మధ్య తడిపి మళ్ళీ గురిచూసింది. మళ్ళీ తప్పింది. చొక్కా చేత్తో పట్టుకుని, బనియనుతో నిలబడ్డ ఆయన గోడ గడియారం వంక చూశాడే గానీ సూది అందుకోలేదు. దారం ఎక్కించడం ఆయన పని కాదు. ఆ ఇంట్లో ఆయన పనల్లా ఒక్కటే, ఖర్చు కాకుండా చూడటం.

“నా వల్ల కావట్లేదండీ. కన్నే కనబడటం లేదు,” అంది ఆవిడ.

“పోనీలే, పిన్నీసు పెట్టుకుంటా. గుండీ సాయంత్రం కుడుదువుగాని.”

“సాయంత్రానికి నాకు కొత్త కళ్ళొస్తాయా?”

ఆయన ఆ మాట చెవిన వేసుకోలేదు. ఊడిన గుండీని ప్యాంటు జేబులో వేసుకుని, వంటింటి అలమారలోంచి సరదా డబ్బా తీసి పిన్నీసు కోసం వెతికాడు.

ఆ అలమారలో ఒకే సైజు స్టీలు డబ్బాలు మూడున్నాయి. మూతల మీద కాగితం ముక్కలు అంటించి, కాపురం పెట్టిన కొత్తలో ఆయనే గుండ్రటి అక్షరాలతో రాశాడు: అవసరం, ఆపద, సరదా. జీతం రాగానే ముందు అవసరం డబ్బా నిండాలి, తర్వాత ఆపద డబ్బా. ఇంకా మిగిలితే సరదాకి. ఇంకా మిగలడమన్నది ఆ ఇంట్లో జరగలేదు. మిగిలేలా ఉంటే ఆయనే ఆపద డబ్బాలో ఇంకాస్త కుక్కేవాడు. ఖాళీ డబ్బా ఊరికే పడి ఉండటం ఎందుకని ఆవిడ అందులో ఊడిపోయిన గుండీలు, పిన్నీసులు, కొక్కేలు వేసుకుంది. చూసి ఆయన మురిసిపోయాడు, చివరికి సరదా కూడా అవసరానికి పనికొచ్చిందని. ఏం మనిషండీ బాబూ!

ఇక ఆపద డబ్బా. దానికి తాళం లేదు. ఆవిడ అందులో చెయ్యి పెట్టదని ఆయనకు ధీమా. ఇన్నేళ్ళ కాపురంలోనూ అది ఖాళీ అయింది లేదు. పిల్లలు కలగకపోతే డాక్టరుకి చూపించుకుందామని ఒకప్పుడు ఆవిడ అడిగింది. ఆ ఖర్చు ఏ డబ్బా కిందికి వస్తుందో ఆయన తేల్చుకునేలోపే ఆవిడకు వయసు దాటిపోయింది. ఆ తర్వాత ఆవిడ అడగడం మానేసింది, ఆయన ఆలోచించడం మానేశాడు. డబ్బా మాత్రం నిండుగానే ఉండిపోయింది.

ఇన్నేళ్ళకు మళ్ళీ నోరు తెరిచి అడిగింది, సముద్రం చూస్తానని. ఆవిడ చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుపోతోంది. మందులు ఆ ముడుచుకోవడాన్ని కొంచెం ఆలస్యం చేస్తాయే గానీ పోయిన చూపు తిరిగి రాదని కంటి డాక్టరు చెప్పేశాడు. ఆవిడ చెల్లెలు పనిచేసే ఆఫీసువాళ్ళు ఈ సాయంత్రం బస్సులో సముద్రం ఒడ్డుకు వెళ్తున్నారు. ఒక సీటు మిగిలింది. కావాలో వద్దో మధ్యాహ్నంలోగా చెప్పాలి.

“చూపు ఉండగానే ఒక్కసారి చూసొస్తానండీ. మా చెల్లెలు ఉంటుంది, మీరు రానక్కర్లేదు. ఒక్క టిక్కెట్టే.”

“సముద్రం ఎక్కడికీ పారిపోదుగా,” అన్నాడాయన పిన్నీసు గుచ్చుకుంటూ. “వచ్చే ఏడాది చూద్దాం. అయినా, అవసరమా?”

అవసరమా! ఈ ఒక్క మాటతోనే ఆయన సగం జీవితం గడిపేశాడు. కాలేజీలో పిల్లలు ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు. ‘అవసరమా సారు’ అంటారు. అది తెలిసి కూడా ఆయన దాన్ని బిరుదులా మోస్తున్నాడు.

ఆయన అక్కడ జమాఖర్చుల విభాగంలో గుమాస్తా. కంప్యూటర్లు వచ్చి ఆయన చేతిలో పని లాగేసుకున్నాక ఈయన్ని ఏం చేసుకోవాలో కాలేజీవాళ్ళకు తోచలేదు. సరిగ్గా అప్పుడే కొందరు పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బంతా మొదటి నెలల్లోనే ఊదేసి, చదువు మధ్యలో వదిలిపోయారు. దాంతో ప్రిన్సిపాలు ఈయన్ని పొదుపు సలహాదారుగా వేశాడు. మెట్ల కింద, జిరాక్సు మిషను పక్కన ఒక గది. గదిలో బల్ల, రెండు కుర్చీలు, తిరిగినప్పుడల్లా మూలిగే ఫ్యాను. బల్ల మీద ఒక జగ్గు, మూడు గాజు గ్లాసులు.

ఆ గ్లాసులే ఆయన పాఠం. కొత్తగా చేరిన పిల్లలకు చేతిఖర్చు ఎలా వాడుకోవాలో నేర్పడానికి ఇవాళ కూడా వాటిని జాగ్రత్తగా తరగతికి మోసుకెళ్ళాడు. చొక్కా మీద పిన్నీసు చూసి ముందు వరసలో ఇద్దరు మోచేతులతో పొడుచుకున్నారు. ఆయన పట్టించుకోలేదు.

“ఈ జగ్గులో నీళ్ళున్నాయే, అది మీ నెల డబ్బు. ముందు అవసరం.” మొదటి గ్లాసు అంచుదాకా పోశాడు. “తర్వాత ఆపద.” రెండోదీ అంచుదాకా పోశాడు. “ఇప్పుడు మిగిలింది సరదాకి.” జగ్గు బోర్లించాడు. చుక్క రాలలేదు. రెండు గ్లాసులకు ఎన్ని నీళ్ళు పడతాయో కొలుచుకుని తెచ్చే పెద్దమనిషికి చుక్క ఎలా రాలుతుంది? అయినా ఏటా ఆ క్షణంలో అదేదో మహాశ్చర్యం జరిగినట్టు కనుబొమ్మలెగరేస్తాడు. మూడో గ్లాసు అడుగున దుమ్ము పేరుకుంది. దాన్ని తడిపే పని పడలేదు, కడిగే పనీ పడలేదు.

“ఆపదంటే ఏంటి సార్?” అని ఎవరో అడిగారు. ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే ఆయనే అడిగిస్తాడు.

“రాసుకోండి. ఇవాళ చేయకపోతే ఇక ఎప్పటికీ చేయలేనిది ఏదో, దానికయ్యే ఖర్చు ఆపద ఖర్చు. మిగతాదంతా రేపటిదాకా ఆగుతుంది. పరీక్ష ఫీజుకు ఇవాళే ఆఖరు రోజు అనుకోండి, అదీ ఆపద. సినిమా? రేపు కూడా ఆడుతుంది.”

ఆ తర్వాత తన చదువు రోజుల ప్రతాపం మొదలుపెట్టాడు. అద్దె గదిలో ఉండి చదువుకున్నాడట. రాత్రి ఉతికిన చొక్కానే పొద్దున తొడుక్కున్నాడట. బస్సెక్కకుండా నడిచాడట. మూడేళ్ళలో ఒక్క టీ కొనలేదట. అందులో అబద్ధం లేదు, నిజంగానే కొనలేదు. స్నేహితులు ఇప్పించినవి తాగాడు. ఎదుటివాడి టీ తన ఖర్చు కిందికి రాదు కదా! ఆ స్నేహితుల్లో ఇవాళ ఒక్కడైనా ఈయన గుమ్మం తొక్కడు. దాన్ని కూడా ఆదా కింద జమకట్టుకున్న మహానుభావుడు ఈయన.

తరగతి అయిపోయి పిల్లలు బయటికి పోతుంటే వెనక బల్లమీది అమ్మాయి ఒకతి ముందుకొచ్చింది. అవసరం గ్లాసులోంచి సగం నీళ్ళు మూడో గ్లాసులోకి వంచి, కడిగి కిటికీలోంచి పారబోసి, మిగతా సగం అందులో పోసుకుని గటగటా తాగేసింది.

“ఏమిటమ్మాయ్ ఆ పని?”

“దాహమేసింది సార్.”

“అది సరదా గ్లాసు!”

“దానికి తెలీదు కదా సార్,” అంది మూతి తుడుచుకుంటూ. గుమ్మం దగ్గర ఆగిన పిల్లలు పగలబడి నవ్వారు. ఆయన ఆ గ్లాసును రుమాలుతో తుడిచి తుడిచి పొడిగా చేసుకుంటే గానీ ఊపిరి పీల్చుకోలేదు.

మొదటి ఏడాది పిల్లలంతా ఒక్కొక్కరుగా వచ్చి తమ నెల ఖర్చు ఆయనకు అప్పజెప్పాలన్నది నియమం. ఇవాళ్టి వంతు ఆ అమ్మాయిదే అయింది. మెట్ల కింద గదిలో ఆయన ఎదురుగా కూర్చుని గది అద్దె, బస్సు, పుస్తకాలు అని చెప్పుకుంటూ పోయింది. ఆయన తలూపుతూ పోయాడు. టీ దగ్గర తల ఆగిపోయింది.

“రోజూ బయట టీ ఎందుకు?”

“సాయంత్రం నలుగురం కూర్చుంటాం సార్.”

“గదిలో కాచుకోవచ్చుగా? చవక.”

“టీ కోసం కాదు సార్. నలుగురం కూర్చోవడానికి. ఊరు కొత్త, ఇంటి మీద బెంగ. ఆ కాసేపు లేకపోతే నేను పెట్టె సర్దుకుని వెళ్ళిపోయేదాన్ని.”

“నలుగురు అవసరమా?” అన్నాడాయన.

ఆ మాట నోట్లోంచి వచ్చాక కూడా ఆయనకేమీ అనిపించలేదు. ఆ అమ్మాయి మాత్రం మంద నుంచి తప్పిపోయిన గొర్రెను చూసినట్టు, జాలిగా ఆయన మొహంలోకి చూసింది.

బల్ల మీది ఫోను మోగింది. అవతల భార్య.

“చెల్లెలు అడుగుతోందండీ. ఏం చెప్పను?”

“పొద్దునే చెప్పాగా. వచ్చే ఏడాది.”

అప్పుడు ఆవిడ అడిగింది, ఎప్పుడూ అడగని మాట. “అయితే ఆ ఆపద డబ్బాలో డబ్బు దేనికండీ?”

“ఆపదకి.”

“ఆపదంటే?”

ఆయన వెన్ను నిటారుగా చేశాడు. ఇన్నేళ్ళలో తన విద్య గురించి ఆవిడ ఒక్క ప్రశ్న వేసిన పాపాన పోలేదు. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి కూడా ఇంకోసారి తలకెక్కుతుందని గొంతు పెంచి, ఒక్కో మాటా విరిచి చెప్పాడు. “ఇవాళ చేయకపోతే ఇక ఎప్పటికీ చేయలేనిది ఏదో, అదీ ఆపద. అర్థమైందా?”

“అర్థమైందండీ,” అంది ఆవిడ. “ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో అడిగేదాన్ని.”

ఫోను పెట్టేసి ఆయన మీసాల చాటున నవ్వుకున్నాడు. “చూశావా, ఇంట్లోవాళ్ళకు కూడా మెల్లగా తెలిసొస్తుంది,” అన్నాడు అమ్మాయితో. టీ ఖర్చు మీద అడ్డంగా గీత గీసి పంపేశాడు. ఆ అమ్మాయి నేరుగా వెళ్ళి ఆ నలుగురిలో కూర్చునే ఉంటుంది. గీతలు గీస్తే ఆగిపోయేవాళ్ళు ఆయన ఇంట్లో ఉన్నారు గానీ కాలేజీలో లేరు.

సాయంత్రం ఆయన ఎప్పటిలాగే నడిచి ఇంటికొచ్చాడు. దారిలో దర్జీ కొట్టు ముందు ఒక్క క్షణం ఆగి, ఒక గుండీకి దర్జీ ఎందుకని ముందుకు సాగిపోయాడు. ఇంటికి తాళం వేసి ఉంది. ఆ తాళం బయటి నుంచి వేసి ఉండటం ఆయన చూసి ఎరగడు. ఎందుకంటే ఆయన లేనప్పుడు ఆవిడ ఎక్కడికీ పోలేదు. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి తాళం చెవి చేతికిచ్చింది.

“ఆవిడ వెళ్ళారండీ. ఆపద వచ్చిందని మీతో చెప్పమన్నారు.”

“ఆపదా? ఏం ఆపద?”

“ఏమో మరి. అంత మాత్రం చెబితే మీకే అర్థమవుతుందన్నారు. మొహం చూస్తే ఆపదలో ఉన్న మనిషిలా లేరు లెండి. వాళ్ళ చెల్లెలు వచ్చి తీసుకెళ్ళింది.”

ఆయన పెదాలు కదిలాయి. అలవాటైన మాటే వస్తుందనుకుంది పక్కింటావిడ. రాలేదు.

“ఎప్పుడొస్తానని చెప్పింది?”

“నేనూ అడిగానండీ. ‘కళ్ళు నిండాక’ అన్నారు. అంతకు మించి చెప్పలేదు.”

తలుపు తీసుకుని తిన్నగా వంటింట్లోకి పోయాడు. మనిషి వెళ్ళిపోతే ముందు డబ్బాల దగ్గరికి పరుగెత్తే మొగుణ్ణి ఏమనాలి? అవసరం డబ్బా నిండుగా ఉంది. చిల్లర కూడా ముట్టుకోలేదు. ఆపద డబ్బా తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. కడిగి, తుడిచి, మూత పక్కన పెట్టి ఉంది. మూడో డబ్బా అక్కడ లేదు. అలమార చెక్క మీద అది కూర్చున్న మేర గుండ్రటి మచ్చ ఉంది. చుట్టూ చెక్క నల్లబడినా అక్కడ మాత్రం కొత్తదానిలా తెల్లగా మిగిలింది. ఆపద డబ్బాలో డబ్బును సరదా డబ్బాలోకి వంపుకుని, ఆ డబ్బాతో సహా పట్టుకుపోయింది ఆవిడ.

ఆయన ఫోను తీశాడు. ఏమని అడగాలో తోచలేదు. ఎంత పట్టుకెళ్ళావని అడగవచ్చు. కిటికీ పక్క సీటు దొరికిందా అని కూడా అడగవచ్చు. రెండోది ఆయన నోటికి అలవాటు లేని మాట. సముద్రం ఎలా ఉంటుందో ఆయనకూ తెలియదు. చదువుకునే రోజుల్లో తరగతంతా వెళ్తే తను గదిలోనే ఉండిపోయాడు, అవసరమా అనుకుని. ఆ రోజు మిగిలిన డబ్బుతో ఏం చేశాడో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఫోను బల్ల మీద పెట్టేశాడు.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి పక్కింటావిడ కేకేసింది. “అన్నట్టు మరిచిపోయానండీ. వెళ్ళేముందు సూది పట్టుకుని మా ఇంటికొచ్చి దారం ఎక్కించుకున్నారు. మీ గుండీ సంగతి చెప్పమన్నారు. కుట్టుకోవడం మీకు వచ్చు కదా?”

ఆయన జేబులోంచి గుండీ తీసి, చొక్కా మీది పిన్నీసును తడుముకుంటూ వంటింటి గట్టు దగ్గరే నిలబడిపోయాడు.

గట్టు మీద ఒక పళ్ళెంలో ఆవిడ ఇన్నేళ్ళూ ఏరి దాచిన గుండీలు, కొక్కేలు, పిన్నీసులు కుప్పగా పోసి ఉన్నాయి. ఆ కుప్ప పక్కన దారం రీలుకు గుచ్చి, కొస ముడివేసి పెట్టిన సూది.