పట్టుకునే తాత

నాలుగోసారి కూడా దారం సూది కన్ను పక్కనుంచి జారిపోయింది. అతను దారం కొసను నోట్లో పెట్టి తడిపి, వంటింటి కిటికీ వైపు తిరిగి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టాడు. ఈసారి దూరింది. ఘనకార్యం చేసినవాడిలా వెనక్కి తిరిగి చూశాడు గానీ, అది మెచ్చుకునేంత చూపు అక్క కళ్ళకి లేదు.

"ఎక్కించావా?" అంది అక్క స్టూలు మీద కూర్చుని.

"ఎప్పుడో!"

"ముడి వెయ్యి. నిన్నటిలా ముడి లేకుండా కుట్టి మొత్తం లాగేసుకోకు."

అక్క నలభై ఏళ్ళు నలుగురికీ బట్టలు కుట్టింది. చూపు మందగించాక మిషను మీద దుప్పటి కప్పేసింది. ఇప్పుడు తమ్ముడి కుట్ల మీద బొటనవేలు నడిపిస్తుంది. వేలు ఆగిన చోటల్లా "విప్పు" అంటుంది. మూడు వారాలుగా అతను కుట్టినదానికన్నా విప్పినదే ఎక్కువ.

కుడుతున్నది చేతికి తొడుక్కునే కుందేలు. పాత గోధుమరంగు సాక్సు దాని ఒళ్ళు. చొక్కాలనుంచి ఊడదీసిన రెండు గుండీలు కళ్ళు. ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. నోట్లో ఎర్ర గుడ్డ. మొదటిసారి కుట్టినప్పుడు నోరు తెరుచుకోకుండా కుట్టేశాడు. రెండోసారి ప్యాంటు మోకాలితో కలిపి కుట్టేసి, లేచి నిలబడితే కుందేలు కూడా లేచింది. ఇది మూడోది.

అక్క చెవులు తడిమింది. "ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఏమిట్రా ఇది, గాడిదా?"

"కుందేలు. వింటోంది, అందుకే ఒక చెవి నిక్కించింది."

"నేను చెప్పేది మాత్రం వినదు, నీలాగే. సరే, సూది డబ్బాలో పెట్టి వెళ్ళు."

అతను అటూ ఇటూ చూశాడు. సూది కనపడలేదు. చొక్కా దులుపుకున్నాడు, నేలంతా చేత్తో నిమిరాడు. లేదు. అప్పటికే పొద్దెక్కుతోంది. "వచ్చి వెతుకుతాలే" అని కుందేల్ని సంచిలో వేసుకుని బయల్దేరాడు. "నా కాళ్ళే వెతుక్కుంటాయి" అని అక్క స్టూలు మీదే కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది.

అతను పనిచేసేది పళ్ళ డాక్టరు దగ్గర. ఊడవడం, పనిముట్లు ఉడకబెట్టడం, పేర్లు పిలవడం అన్నీ అతని పనులే. కానీ అసలు పని పిల్లల్ని పట్టుకోవడం. రోటి బండల్లాంటి అరచేతులు అతనివి. ఒకటి నుదుటి మీద, ఒకటి రెండు చేతుల మీద వేశాడంటే ఎంత పెంకి పిల్లలైనా కదలలేరు. ముప్ఫై నాలుగేళ్ళ క్రితం చేరినప్పుడు పిల్లలు అతన్ని 'పట్టుకునే అన్న' అనేవాళ్ళు. కొన్నాళ్ళకి 'పట్టుకునే మామ' అయ్యాడు. ఈమధ్య 'పట్టుకునే తాత'. పెళ్ళీ పెటాకులూ లేకుండానే ఇన్ని వరసలు వచ్చిపడ్డాయి. ఇప్పటి డాక్టరమ్మ పెద్ద డాక్టరుగారి కూతురే. ఆవిడ పాలపన్ను పీకిన రోజున పట్టుకున్నదీ ఇతనే. ఆ రోజు ఆవిడ కరిచిన గుర్తు ఇప్పటికీ బొటనవేలి మొదట్లో ఉంది.

ఏడుపులు అతనికి కొత్త కాదు. కానీ మూడు వారాల క్రితం రొట్టెల కొట్టు ముందు ఒక ఆరేళ్ళ పిల్ల అతన్ని చూసి ఏడవలేదు. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని, వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళి నిలబడింది. అంతే. అతను రొట్టె కొనడం మర్చిపోయి ఇంటికొచ్చి, అక్కని సూది అడిగాడు. గుండీ ఊడిందేమో అనుకుంది అక్క.

ఆ పిల్ల వంతు ఇవాళ.

పదింటికి వాళ్ళమ్మ ఈడ్చుకొచ్చినంత పనిచేసి కుర్చీలో కూర్చోబెట్టింది. పిల్ల పెదాలు బిగించింది. డాక్టరమ్మ సూదిమందు వెనక దాచి కళ్ళతో సైగ చేసింది. అతను చెయ్యి సంచిలో పెట్టి, కుందేల్ని తొడుక్కుని, బయటికి తీశాడు.

"ఒక చెయ్యే వచ్చిందేంటి బాబాయ్? రెండోదేది?" అంది డాక్టరమ్మ.

"కుందేలు దగ్గరుందమ్మా."

ముగ్గురూ కుందేలు మాట కోసం ఎదురుచూశారు. అప్పుడుగానీ అతనికి తట్టలేదు. మూడు వారాలు కుట్టాడు, విప్పాడు, మళ్ళీ కుట్టాడు. కుందేలు ఏం మాట్లాడాలో మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. కుందేలు నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

పిల్ల దాని వంక చాలాసేపు చూసింది. చివరికి పెదాలు కదిపింది. "దీనికి మాటలు రావా?"

"కొత్తగా వచ్చిందమ్మా. మొహమాటం."

"గాడిదా?"

"కుందేలు."

పిల్ల ముందుకి వంగి దాని నోట్లోకి తొంగిచూసింది. "పళ్ళేవీ? ఎవరు పీకేశారు?"

అతను డాక్టరమ్మ వైపు చూశాడు. "నేను కాదు బాబోయ్!" అంది ఆవిడ.

"నేను చూస్తాను," అని పిల్ల పళ్ళెంలోంచి చిన్న అద్దం అందుకుంది. "తాతా, దాన్ని గట్టిగా పట్టుకో. లేకపోతే కదులుతుంది."

అతను రెండో చేత్తో కుందేలు పొడుగు చెవి పట్టుకున్నాడు. పరీక్ష అయింది. ఏమీ పుచ్చలేదనీ, అసలు పళ్ళే లేవు కాబట్టి భయపడక్కర్లేదనీ పిల్ల కుందేలుకి చెప్పింది. "ఇప్పుడు నీ వంతు మరి" అంది డాక్టరమ్మ. పిల్ల కాసేపు ఆలోచించి, కుందేల్ని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది.

ముప్ఫై నాలుగేళ్ళలో అతను ఎవరినీ పట్టుకోకుండా ఆ కుర్చీ పక్కన నిలబడడం అదే మొదలు. తనని ఇంకొకరు పట్టుకోవడమూ అదే మొదలు. సూదిమందు పడింది. పిల్ల వేళ్ళు బిగిశాయి. తిమ్మిరెక్కే దాకా ఆగి, డాక్టరమ్మ పట్టకారు పెట్టింది. పిల్ల శక్తంతా కూడదీసుకుని కుందేల్ని నొక్కేసింది.

"అబ్బా!" అని గావుకేక వినిపించింది.

పిల్ల కళ్ళు తెరిచింది. పన్ను పట్టకారులో ఉంది. అరిచింది పిల్ల కాదు. అతను కుందేల్ని ఊడదీసి, చూపుడువేలిలో దిగిన సూదిని లాగుతున్నాడు. పొద్దున కుట్టి, ముడి వేసి, దాన్ని లోపలే వదిలేశాడు.

"పన్ను నాదైతే నువ్వేడుస్తావేంటి తాతా?" అంది పిల్ల, మొద్దుబారిన మూతితో. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. వేలికి దూది చుట్టిందీ ఆవిడే.

వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ "తాతకి టాటా చెప్పు" అంది. పిల్ల కుందేలుకి మాత్రమే టాటా చెప్పింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి, కాగితంలో చుట్టిన పన్ను అతని చేతిలో పెట్టింది. "దానికి ఒక్కటీ లేదు కదా. ఇది పెట్టుకోమను."

సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే అతను ఇంటికొచ్చి, గుమ్మంలో కుర్చీ వేసుకున్నాడు. సూది దొరికిందని చెప్పాడు. ఎక్కడ దొరికిందో చెప్పలేదు.

"ఏం కుడుతున్నావురా?" అంది అక్క లోపల్నుంచి.

"పన్ను."

"పన్నా? పన్నుకి చిల్లెక్కడిదిరా, కుట్టడానికి?"

"అదే చూస్తున్నా. నాలుగు వైపులా దారం తిప్పి బిగిస్తే నిలుస్తుందేమో."

"నిలుస్తుంది. కానీ లోపల్నుంచి ముడి పడాలి."

"ఊఁ."

అక్క టీ పెట్టింది. ఆ ముడి ఎలా వెయ్యాలో మాటలతోనే చెప్పింది, రెండుసార్లు. తమ్ముడు ఊఁ కొట్టకపోయేసరికి చిరాకుపడి, గ్లాసు పట్టుకుని తడుముకుంటూ వచ్చింది. "సూది చేతిలో పెట్టుకుని నిద్రేంట్రా? గుచ్చుకుంటే?" అని భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. గ్లాసు కింద పెట్టి, అతని చెయ్యి వెతికి పట్టుకుంది. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు. ఇరుగుపొరుగు వచ్చేదాకా అక్క ఆ చెయ్యి వదల్లేదు.

పదో రోజున డాక్టరమ్మ పలకరించడానికి వచ్చింది. అక్క కుందేల్ని ఆవిడకి ఇచ్చేసింది. "వాడి కుట్టు నాకు నచ్చలేదు, కానీ ఊడదు" అంది.

ఇప్పుడది పళ్ళ కుర్చీ పక్క అలమారలో, ఒక ఖాళీ మందుసీసా మెడకి తొడిగి ఉంది. ఎర్ర గుడ్డ నోరు బాగా తెరుచుకుని ఉంటుంది. అందులో నీలం దారంతో అడ్డంగా, నిలువుగా, అవసరమైనదానికన్నా ఎన్నో చుట్లు ఎక్కువ చుట్టి బిగించిన ఒకే ఒక్క పాలపన్ను, కాస్త ఎడమవైపుకి ఒరిగి.