నోరా కవితకి చుక్క పెట్టిన కోడిపెట్ట

నేను ఒక టైమర్‌ని. ఓవెన్‌లో కేకు మాడిపోకుండా, నడుం తిప్పి వంటింట్లో వదిలేస్తారే, ఆ జాతి. ఫ్యాక్టరీలో నాకు కోడిపెట్ట ఆకారమిచ్చి, ఎర్రజుట్టు దిద్ది, కడుపులో స్ప్రింగూ గంటా బిగించారు. గుడ్డు పెట్టడం ఒక్కటే చేతకాదు.

షెఫీల్డ్‌లో పబ్బు నడిపే మార్జరీ నన్ను కొనుక్కుంది. ప్రతి గురువారం ఆవిడ పబ్బు వెనక గదిలో కవులు చేరేవారు. మైకు దొరికిన కవిని దించడం పోలీసుల వల్ల కూడా కాదు. అందుకని మార్జరీ నన్ను తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టేది. నేను మోగితే కవి దిగాలి. నన్ను చూసి ఎంతమంది మహానుభావులకు చెమటలు పట్టాయో!

నోరా బ్లాకెట్ మాత్రం నన్ను చూసి భయపడేది కాదు, తిట్టేది. ఆమె సిటీ బస్సు నడిపేది, సిగ్నళ్ల దగ్గర కవితలు అల్లేది. మంచి కవితలే. ఒకటే జబ్బు. కవిత అయిపోయాక దాని అర్థం కూడా కవితలోనే విప్పి చెప్పేది.

ఆ గురువారం లండన్ నుంచి క్లైవ్ రెన్‌షా వచ్చాడు. పుస్తకాలు వేసే కంపెనీలో ఎడిటరు. నోరా కవితల్ని అప్పటికే ఓసారి తిప్పి పంపినవాడు.

"ఈసారీ కాదంటే ఇంక కలం ముట్టను మార్జరీ. ఒట్టు," అంది నోరా.

"ఒట్లు తర్వాత పెట్టుకుందువుగాని. ముందా కోటు తీసి మైకు దగ్గరికి నడువు," అని వంటింట్లోంచి నన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది మార్జరీ.

భార్య పోయాక కూడా రోజూ బస్సులో రెండు టిక్కెట్లు కొనే ముసలాయన గురించి చదివింది నోరా. గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. కవితలో ఆయన కిటికీ పక్క సీటు రుమాలుతో తుడిచి, పక్కకు జరిగి కూర్చున్నాడు. అక్కడికి వచ్చి నోరా ఊపిరి పీల్చుకుంది. ఇక 'అంటే ప్రేమ అనేది' అంటూ మొదలవుతుంది తోక!

ట్రింగ్!

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది నోరా. అంతే, పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. క్లైవ్ లేచి నిలబడ్డాడు.

"ఏం ముగింపండీ! అక్కడ ఆపాలని ఎలా తట్టింది మీకు?"

నోరా నావైపు చూసింది. నేను అమాయకంగా చూశాను. అంతలో "అయ్యో, నా కేకు!" అని అరుస్తూ మార్జరీ వంటింట్లోకి పరుగెత్తింది. ఓవెన్‌లో కేకు కోసం తిప్పిన నన్ను, నోరా కోసం మళ్లీ తిప్పడం మరిచిపోయింది మహాతల్లి!

పుస్తకం వచ్చింది. బహుమతులూ వచ్చాయి. నోరా కవితల్లోని మౌనం మీద పండితులు లావుపాటి పుస్తకాలు రాశారు. మార్జరీ పబ్బు మూసేసినప్పుడు నోరా ఆవిడని అడిగి నన్ను తెచ్చుకుని రాతబల్ల మీద పెట్టుకుంది. కవితకి తోక మొలుస్తోందనిపిస్తే నా నడుం తిప్పేది.

చివరికి నోరా పేరిట పెట్టిన మ్యూజియం చేరాను. ప్రారంభోత్సవం నాడు డైరెక్టరు నా ముందు నిలబడి, తక్కువ మాటల్లో చెప్పడంలో నోరా గొప్పతనం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడే! నా పెట్టెకి అద్దం ఇంకా బిగించలేదు. నెరిసిన జుట్టుతో పక్కనే నిలబడ్డ నోరా, మెల్లగా చెయ్యి లోపలికి పెట్టి నా నడుం కాస్త తిప్పింది.

ట్రింగ్!

డైరెక్టరు టక్కున ఆగాడు. హాలంతా చప్పట్లు.

"ఏం ముగింపండీ!" అంది నోరా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తూ.

ఈసారి సాకు చెప్పడానికి ఓవెన్‌లో కేకు కూడా లేదు.